ఖాళీ బండి తూకం

రాయగడలో గుణుపురం రోడ్డు మీద
సాహు గారి కాటా నాది. నాదంటే, కూర్చునేది నేను.
నీలగిరి దుంగల లారీ మిల్లుకి పోయేముందు ఒకసారి,
దింపేసి తిరిగొచ్చాక ఒకసారి నా ముందు ఆగుతుంది.
నిండు బండిలోంచి ఖాళీ బండిని తీసేస్తే
మిగిలిందే సరుకు.
పదిహేడేళ్లుగా ఈ తీసివేతే రాస్తున్నాను.

నా తీసివేత మాత్రం విశాఖలో జరిగింది.
అరెకరం జీడితోట అమ్మి
కడుపు కోయించుకున్నాను.
"అరటికాయంత ఉంచాం" అన్నాడు డాక్టరు.
కాటావాణ్ణి కదా,
తీసేసింది ఎంత తూగిందని అడిగాను.
నవ్వి వెళ్లిపోయాడు.

మొదట్లో నీళ్లూ, తేటా.
తర్వాత చోడంబలి, వడకట్టి.
దమయంతి అటక మీంచి లిపిక ఉగ్గుగిన్నె దింపింది.
వెండిది. అంచున పాలపళ్ల నొక్కులు.
పదకొండేళ్ల లిపిక ఎదురుగా కూర్చుని
"ముప్పైసార్లు నమలాలి నాన్నా, పంతొమ్మిదే అయ్యాయి" అంటుంది.
ఇదే గిన్నెతో దానికి తినిపిస్తూ
తొందరగా మింగమని ఎన్నిసార్లు కసిరానో
అది లెక్కపెట్టలేదు.

చేతికి ఆపరేషన్ చెయ్యలేదు కదా,
అదింకా పాత ముద్దే కలుపుతుంది, బత్తాయంత.
కలిపాక నావైపు చూస్తుంది,
వేరే పెళ్లి పందిట్లోకి వచ్చేసిన చుట్టంలా.
ఆ ముద్దని ఎనిమిది చేస్తాను. మూడు తింటాను.
నాలుగోది రొమ్ములో
ఘాటీ రోడ్డు మలుపులో ఆగిపోయిన లారీ.
అది దారిచ్చేదాకా వాకిట్లో నడుస్తాను.

రథయాత్రకి గుణుపురం వెళ్లాం, అత్తవారింటికి.
ఛెనాపోడ, గోరంతే.
గోరంత, మూడుసార్లు.
చెమటలు పట్టి, గుండె దడదడలాడి
బావమరిది మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాను.
తలుపవతల అత్తగారు:
"తిండెట్టకుండా సంపేత్తన్నావేటే మనిసిని?"
మొన్నటిదాకా
"మా అల్లుడు తింటంటే సూడ్డానికే పండగ" అన్న మనిషి.
నిజమే, నా ఆకలి
పదిమంది నిలబడి చూసిన వేడుక.
ఇప్పుడు పంక్తిలో నా ఆకు దగ్గరికొచ్చేసరికి
గరిటె సిగ్గుపడి పక్కకి పోతుంది.

దువ్వెన నిండా జుట్టు. ఉంగరానికి దారం చుట్టాను.
స్నానం చేస్తుంటే పొట్ట చర్మం చేతికొస్తుంది,
సరుకు దిగాక తాడు వదిలేసిన తార్పాలిన్.
"దేహ ఖరాప్ కి, బాబూ?" అంటారు డ్రైవర్లు.
కాదంటే నమ్మరు.
ఔనంటే ఆకుపసరు చెబుతారు.

అది నిజం ఆకలి కాదు, తల ఆకలి అన్నాడు డాక్టరు.
కావచ్చు.
సాహు గారి లెక్కలో తేడా వచ్చిన రాత్రి,
నాన్న పోయిన ఏడాదంతా,
ముఢీ పొట్లం విప్పుకుని కూర్చునేవాణ్ణి.
అది ఏమీ అడిగేది కాదు.
కరకరలాడుతూ ఊఁ కొట్టేది.
ఇప్పుడు తొమ్మిది దాటితే
చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు.
పెన్ను మూత తీస్తాను, పెడతాను.

ఒకరాత్రి బండ్లు లేనప్పుడు
కాటా ఎక్కి నిలబడ్డాను.
స్తంభం మీద ఎర్ర అంకెలు: వంద.
ఆపరేషన్‌కి ముందు నూట నలభై.
ఆసుపత్రి చీటీలో నలభై ఆరు తగ్గినట్టు ఉంది.
ఇరవై కిలోల లోపు దీనికి కనబడదు మరి.
మిగతా ఆరూ ఏ గడిలో రాయాలో తోచక
కాసేపు అక్కడే ఉన్నాను.
వీధికుక్క ఒకటి వచ్చి పక్కన నిలబడింది.
అంకె మారలేదు.

ఇవాళ మధ్యాహ్నం
ఉగ్గుగిన్నెడు పెసరకట్టు, సగం గుడ్డు.
తిన్నాక అరగంట నీళ్లు ముట్టకూడదు.
కుండ చేతికందేంత దూరంలో చెమ్మగిల్లుతోంది.
నాగావళి వంతెన మీద గూడ్సు వెళ్తోంది,
పెట్టెలు లెక్కపెట్టాను, నలభై రెండు.
ఇంకా పదకొండు నిమిషాలు.
బయట ఎవడో హారన్ కొడుతున్నాడు.
ఖాళీ బండే.
రానీ.